పగటిపూట పడని మాత్ర

మా అక్క మనవరాలు ఈ ఏడాది హౌస్ సర్జన్‌గా చేరింది. మొన్న ఫోన్ చేసి, "అవ్వా, షుగర్ మాత్ర రాసిచ్చిన వారానికే కడుపు పట్టుకొని తిరిగొస్తున్నారు. మీ కాలంలో ఏం చేసేవాళ్లు?" అని అడిగింది.

"తిట్టేవాళ్లం" అన్నాను.

అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఫోన్ పెట్టేసి పొయ్యి మీద పాలు పెట్టాను, పొంగబెట్టుకున్నాను, గట్టు తుడిచాను, మళ్లీ వచ్చి కూర్చున్నాను. కూర్చోలేకపోయాను. నాకు చిన్నప్పటినుంచీ కుదురు తక్కువ. మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. డెబ్భై దాటినా ఆ పిల్లి ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆ పిల్లకు ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు శాలువా కప్పారు, అవన్నీ వదిలేయండి. ఎవరికి కావాలవి? తిరువళ్లూరు, తిరుత్తణి చుట్టుపక్కల ఆసుపత్రుల్లో తిరిగిన ఏళ్లలో ఈ ఉద్యోగం అసలు ఏమిటో నాకు తెలిసింది ఒక ఆడమనిషి కాలి దగ్గర. ఆ కాలు తీసేయాలా, ఉంచాలా అన్నదే ఇందులో కథ. కాలి సంగతి తేలడానికి ముందు కడుపు సంగతి తేలాల్సి వచ్చింది.

పుస్తకంలో ఒక్క ముక్క

మద్రాసులో చదువుకునేటప్పుడు షుగర్ గురించి చాలా నేర్పారు. కన్ను ఎలా పోతుంది, కిడ్నీ ఎలా పోతుంది, కాలు ఎలా కుళ్లుతుంది, అన్నీ చెప్పారు. నడివయసులో, కాస్త ఒళ్లు చేసినవాళ్లకు వచ్చే షుగర్‌లో ఇన్సులిన్ లేకపోవడం కాదు, ఉన్నా ఒళ్లు దాన్ని లెక్కచేయకపోవడం అసలు చిక్కు అని కూడా చెప్పారు. ఎంత తలుపు తట్టినా లోపలివాళ్లు లేవరు. ఆ మొండితనాన్ని కాస్త లొంగదీసే మాత్ర మెట్‌ఫార్మిన్. ఎనభైల మొదట్లో మా ఆసుపత్రి మందుల గదిలో అది ఉండేది. మంచి మందు. ఇప్పటికీ మంచి మందే.

దానితో వచ్చే పెద్ద పీడ కడుపు. వికారం, నోట్లో లోహపు రుచి, నీళ్ల విరేచనాలు. కొన్నాళ్లకు సర్దుకుంటుందని పుస్తకంలో ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఆ కొన్నాళ్లూ మనిషి ఎక్కడ ఉండాలి, ఏం పని చేసుకోవాలి అన్నది మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

తిరువళ్లూరు నుంచి తిరుత్తణి వచ్చే బస్సులో ఒక కండక్టరు ఉండేవాడు. సెలవు రోజున మాత్రమే మాత్ర వేసుకునేవాడు. ఎందుకయ్యా ఇలా అంటే, "రోగం నాకొక్కడికే గదా మేడమ్, బస్సు బస్సంతా ఎందుకు కాచుకోవాల?" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. ఎంతయినా అతను మగవాడు. ప్రాణం మీదికొస్తే విజిలేసి బస్సు ఆపి తాటిచెట్టు చాటుకు పోగలడు.

మునెమ్మ మడమ

ఆసుపత్రి పేరు చెప్పను. తిరుత్తణికి దగ్గరే. మునెమ్మ పేరు కూడా అసలు పేరు కాదు. నలభై దాటిన మనిషి, దిట్టంగా ఉండేది, గొంతు ఆ గట్టు మీద నుంచి ఈ గట్టుకు వినిపించేది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లకు నాట్ల జట్టును తీసుకుపోయే మేస్త్రి ఆమె. మా వాళ్ల లాగే ఎప్పుడో తాతల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బజారులో అరవం.

మళ్లో నత్తగుల్ల కోసుకొని మడమ మీద గాయమైంది. ఆమెకు నొప్పి తెలియలేదు. షుగర్ ముదిరితే కాలికి తెలివి పోతుంది కదా, రక్తం చూసి వేరేవాళ్లు చెప్పాకే తెలిసింది. పసుపు అద్దింది, ఆకు కట్టింది. మా దగ్గరికి వచ్చేసరికి అది రూపాయి బిళ్లంత పుండు, చుట్టూ అంచు నల్లబడుతోంది. వెంట ఆమె వదిన కన్నెమ్మ వచ్చింది. చివరిదాకా ప్రతిసారీ ఆమే వచ్చింది.

అప్పట్లో మాకు రక్తపరీక్ష రోజూ జరిగేది కాదు. పరీక్ష గొట్టంలో నీలి మందు పోసి, నాలుగు చుక్కలు మూత్రం వేసి కాచేవాళ్లం. నీలంగానే ఉంటే షుగర్ లేదు. పచ్చబడితే కొంచెం, పసుపైతే ఎక్కువ, నారింజైతే ఇంకా ఎక్కువ. ఇటుక రంగుకు తిరిగితే ఇక చెప్పక్కరలేదు. మునెమ్మది మంట తగిలీ తగలకముందే ఇటుకయింది.

మా చీఫ్ మంచి సర్జన్. పనితనం అంటే ఆయనదే. ఆయన కుట్టిన కుట్లు చూడ్డానికి తిరువళ్లూరు నుంచి కుర్ర డాక్టర్లు వచ్చేవాళ్లు. అయితే ఆయనకు మనుషులు రెండే రకాలు: చెప్పినమాట వినేవాళ్లు, విననివాళ్లు. మధ్యలో ఇంకెవరూ లేరు.

మునెమ్మను వార్డులో చేర్చుకున్నాం. పెన్సిలిన్ సూదులు, రోజూ కట్టు మార్చడం, ఉదయం సాయంత్రం తిన్నాక మెట్‌ఫార్మిన్. వారం తిరక్కుండానే గొట్టంలో రంగు పచ్చకు దిగింది. పుండు అడుగున ఎర్రగా కొత్త కండ కనిపించింది. నాకు ఎంత సంతోషమైందంటే ఆ గొట్టం పట్టుకొని వార్డంతా తిరిగాను. నర్సు "డాక్టరమ్మా, అది ఒలుకుతాది" అంటూ వెనకాలే వచ్చింది.

ఇంటికి పంపాం. రెండు వారాలకు తిరిగి వస్తే మళ్లీ ఇటుక. పుండు మళ్లీ వాసన.

మళ్లీ చేర్చుకున్నాం. మళ్లీ పచ్చ. మళ్లీ ఇంటికి పంపాం. మళ్లీ ఇటుక.

"మాత్ర వేసుకుంటా ఉండావా?" అన్నాను ఓపీలో.

"ఏసుకున్యా."

"పొద్దన్నా సాయంత్రం?"

మునెమ్మ కన్నెమ్మ వైపు చూసింది. కన్నెమ్మ గోడ వైపు చూసింది. ఓపీ అంటే తెర లేదు, తడిక లేదు. ఒకటే గది. పక్కన కాంపౌండరు, అవతల కట్లు కట్టేవాడు, వెనక క్యూలో మగవాళ్లు, ఎదురు కుర్చీలో చీఫ్.

"మాత్ర నాకు పడలేదమ్మా" అంది మునెమ్మ గొంతు తగ్గించి. ఆ గొంతు అంత తగ్గుతుందని నేను అనుకోలేదు.

"ఇక్కడ పడింది, ఇంటికి పోతే పడదా?" అన్నారు చీఫ్. ఆయన మాట్లాడింది అరవం, నేను తెలుగులో రాస్తున్నాను. "ఇంట్లో పనసపండు, బెల్లం, విందులు. ఇదంతా నాకు తెలియదా? ఆడి కృత్తిక తిరునాళ్లు వస్తోంది. మురుగన్ కొండకు కావళ్లు మోసుకొచ్చేవాళ్లతో వార్డు నిండిపోతుంది. అది అయ్యేవరకు చూస్తాను. అప్పటికీ ఈ కాలు ఇలాగే ఉంటే మద్రాసుకు పంపిస్తాను. మోకాలి కింద తీసేస్తారు. మాట వినని రోగికి మందు వేస్ట్."

మునెమ్మకు అరవం బాగా వచ్చు. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. వాకిలి దాటాక మాత్రం ఆగి, "కాలు లేకుండా మళ్లోకి ఎట్ల దిగేది వదినా?" అని అడిగింది. కన్నెమ్మ ఆమె చెయ్యి పట్టుకొని మెట్లు దింపింది.

ఆ మాట నాకు వినపడింది. ఇన్సులిన్ ఇవ్వొచ్చు కదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. ఇవ్వొచ్చు. మా వార్డుకే అది సరిగా అందేది కాదు. ఇక కరెంటు లేని ఇంట్లో ఆ సీసా ఎక్కడ పెట్టాలి, సూదులు ఎవరు కాచాలి? ఆమెకు ఉన్నది ఆ మాత్ర ఒక్కటే.

నేను మింగిన మాత్ర

వార్డులో పడేది ఇంట్లో ఎందుకు పడదు? నాకు ఇదే గోల. స్నానం చేస్తున్నా ఇదే, బస్సులో నిలబడ్డా ఇదే. నేనూ అందరిలాగే తిండి దగ్గరే వెతికాను. వార్డులో ఏం పెడతాం, ఇంట్లో ఏం తింటుంది. వార్డులో ఇచ్చేది ఆమె ఇంటి తిండికన్నా ఏమంత గొప్పది కాదు.

"సార్, మీరు ఎప్పుడయినా ఈ మాత్ర వేసుకొని చూశారా?" అని చీఫ్‌ను అడిగాను.

"నాకెందుకమ్మా? నాకు షుగర్ లేదు" అని నవ్వారు.

నాకూ లేదు. అయినా మరుసటి రోజు పొద్దున కాఫీతో ఒకటి మింగాను. చిన్నవాళ్లు ఇది చదివి అలా చేయొద్దు. మందు రుచి చూడటం వైద్యం కాదు. నాకు ఆ వయసులో అంత ఆలోచన లేదు, ఊరికే కూర్చోలేక చేశాను.

మొదటిరోజు నోట్లో ఇత్తడి చెంబు నాకినట్టు ఉండింది. రెండోరోజు సాంబారు వాసనకే కడుపులో తిప్పింది. మూడోరోజు ఓపీ మధ్యలో ఒక ముసలాయన గుండెకు స్టెతస్కోపు ఆనించి ఉండగా కడుపులో గడబిడ మొదలైంది. "ఊపిరి తీసుకోండి" అని ఆయనకు చెప్పి, నేను బిగబట్టుకున్నాను. ఆ తర్వాత డాక్టర్ల బాత్రూముకు పరుగెత్తాను. తాళం నా దగ్గరే ఉండేది కాబట్టి బతికిపోయాను. ఆ తాళం సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

ఆ మరుసటి రోజు సెలవు. పొద్దున్నే మాత్ర మింగి, మునెమ్మ ఊరికి బస్సెక్కాను. ఆమె ఇంట్లో ఏం తింటోందో నా కళ్లతో చూడాలని.

నాట్ల దగ్గర

ఇంటికి గొళ్లెం వేసి ఉంది. మళ్లో ఉందని పక్కింటి ముసలమ్మ చెప్పింది. కోపం నషాళానికి ఎక్కింది. పుండు పడ్డ కాలితో బురదలోకా? కాలవ గట్టు వెంట విసవిసా నడిచాను. జట్టంతా వరసగా వంగి నాటుతోంది. చివర మునెమ్మ. ఎరువుల సంచిలోని ప్లాస్టిక్ తీసి మోకాలిదాకా తొడిగి తాడుతో కట్టింది.

"ఏమ్మే మునెమ్మా, కాలు తడవకూడదని ఎన్నితూర్లు చెప్పినాను? నెత్తికెక్కదా నీకు?" అని గట్టు మీదినుంచే అరిచాను.

"యాడ తడిసింది డాక్టరమ్మా? సంచి కట్టుకోనుండా గదా" అంది, నడుం ఎత్తకుండానే. "నేను ఇంట్లో కూసుంటే ఈ మడి గల్ల రెడ్డి అరక్కోణం సైడు నుంచి ఇంగో జట్టును పిలిపిస్తాడు. మళ్ల మమ్మల్ని పిలవడు."

ఇంకా ఏదో అనబోయాను. అనలేకపోయాను. కడుపులో మెలిపెట్టింది. నుదుటి మీద చెమట. గట్టు మీద కాళ్లు దగ్గరికి పెట్టి నిలబడిపోయాను.

మునెమ్మ అప్పుడు నడుం ఎత్తింది. నా ముఖం ఒక క్షణం చూసింది. "ఏమ్మా, ఎండదెబ్బా?"

"కాదు. ఇక్కడ కక్కూసు యాడుంది?"

వరసంతా ఆగిపోయింది. తర్వాత ఆ చివరినుంచి ఈ చివరిదాకా నవ్వారు. "కలెక్టరు కట్టిస్తానన్నాడంట, కొంచెం తాళు డాక్టరమ్మా" అంది ఒక అమ్మాయి. "ఊరి మొత్తం మీద ప్రెసిడెంటు ఇంట్లో ఒగటుండాది. దానికీ బీగమే" అంది కన్నెమ్మ.

"నవ్వింది చాల్లే" అని మునెమ్మ గట్టెక్కింది. "రామ్మా, నా యెనకే రా. వదినా, నువ్వూ రా. చెంబు తే."

మీరు ఎప్పుడైనా నాట్ల కాలంలో మడికట్లు చూశారా? చూడ్డానికి చాలా అందం. ఒక్క చాటు ఉండదు. ఒకవైపు మగవాళ్లు దుక్కి దున్నుతున్నారు. ఒకవైపు బస్సు రోడ్డు. దూరంగా సర్కారు తుమ్మ పొదలు కనిపిస్తే అటు చెయ్యి చూపించాను. "ఆడ పగులంతా కట్టెలు కొట్టేవోళ్లు ఉంటారు" అంది మునెమ్మ. నేను అడుగు తీసి అడుగు వేయలేకుండా ఉన్నాను. ఆమె కుంటుతూ ముందు నడుస్తోంది. "ఇంగ కొంచెం ఓర్చుకోమ్మా, ఇంగ కొంచెం" అంటూ నన్ను నడిపించుకుపోయింది. పది నిమిషాల కింద ఆమె మీద అరిచిన మనిషిని నేను.

పంపు షెడ్డు వెనక ఉంటే దున్నేవాళ్లకు కనపడదు గానీ, ఆ పక్క రోడ్డుకే తిరిగి ఉంటుంది. అక్కడ ఆగాం. సద్దికూడు మూట కట్టిన పాత చీర విప్పి ఇద్దరూ చెరో కొసా పట్టుకున్నారు. నాకు వీపు తిప్పి నిలబడ్డారు. రోడ్డు మీద సైకిలు ఆగిన చప్పుడైంది.

"ఏమిమే ఆడ?" అన్నాడెవడో.

"పామురా! నాగుపాము! ఇట్ల రావాకు!" అని కన్నెమ్మ కేక పెట్టింది.

సైకిలు వెళ్లిపోయింది.

కాలవలో చేతులు కడుక్కొని తూము మీద కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కొంత, కోపంతో ఎక్కువ. ఎవరి మీద కోపమో తెలియలేదు. మునెమ్మ నా పక్కన కూర్చుంది, సంచి కట్టిన కాలు చాపుకొని.

"ఇదేనమ్మా నేను ఆడ చెప్పలేకపోయింది" అంది. "అంతమంది మొగోళ్ల ముందర ఏమని చెప్పేది? తెల్లారకముందు చీకట్లో ఆడోళ్లమంతా గుంపుగా పోతాము. మళ్ల పొద్దుగూకినాకే. మద్దెలో ఏమొచ్చినా బిగబట్టుకోవాల్సిందే. మీ మాత్ర పొద్దన్నే ఏసుకుంటే ఎండ పొడిచేతలికి దిగుతాది. అప్పుడు నేను నడి మళ్లో ఉంటా."

"మొదట్లో మేము సంతోషపడినాము" అంది కన్నెమ్మ. "చక్కెరంతా కరిగి పోతాందిలే అనుకున్యాము."

"ఒకనాడు ఓర్చుకోలేక ఆ నీళ్లల్లోనే కూలబడిపోయినా" అంది మునెమ్మ. "కాలు జారిందని చెప్పినా. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. మా వదినకు మాత్రమే తెలుసు."

నేను ముఖం తుడుచుకొని ఆమె వైపు తిరిగాను.

"కడుపులో ఏమీ లేకుంటే ఏమీ రాదు గదా అని పగులు కూడు మానేసినా. నీళ్లూ మానేసినా. మాత్ర మాత్రం పరగడుపునే మింగితి, నాటుమందు మాదిరి. ఇంకా ఎక్కువైపాయ. ఆ పొద్దు తీసి గూట్లో పెట్టినా."

"మరి నన్నడిగితే ఏసుకున్యా అంటివి?"

"ఆసుపత్రికి వచ్చే ముందునాడు ఒగటి ఏసుకున్యా గదా. అబద్దం యాడ చెప్పినాను?"

ఆ మాటకు నవ్వొచ్చింది నాకు. వార్డు వెనక కక్కూసు ఉంది. తలుపు సరిగా పడదు, వాసన, అయినా ఉంది. ఇంటికీ వార్డుకూ తేడా అదొక్కటే. పనసపండు కాదు, బెల్లం కాదు.

అర మాత్ర

ఆ తూము మీదే కూర్చొని మాట్లాడుకున్నాం. ఆమెకు ఊరి వేళలు తెలుసు, నాకు మందు గుణం తెలుసు. ఈ రెండూ ఒకచోట కూర్చోవడానికి ఇన్ని వారాలు పట్టింది. ఎప్పుడు బాగా తింటావంటే, దీపాలు పెట్టినాక సంగటి, పప్పు, ఏదో ఒక ఆకుకూర అంది. సరే, అప్పుడే. సగం సంగటి తిన్నాక అర మాత్ర, తర్వాత మిగతా సగం. పొద్దున ఏమీ వద్దు. రాత్రి కడుపు కదిలినా చీకటే, కన్నెమ్మ ఉంది, వాకిలి దాటి పోవడానికి భయం లేదు. లేకపోతే తెల్లవారుజామున అందరితో. అలా కడుపు అలవాటు పడేదాకా ఉండి, తర్వాత ఒక మాత్ర, ఆ తర్వాత ఇంకో అర. పగలు కూడు మానకూడదు, నీళ్లు మానకూడదు. చింతపులుసు, మిరపకారం కొన్నాళ్లు తగ్గించి మజ్జిగ పోసుకోవాలి. ఒళ్లు ఎండిపోయేటట్టు కడుపు జారితే మాత్ర ఆపి నా దగ్గరికి రావాలి.

"కాలు?" అన్నాను.

"మళ్లోకి దిగను. గట్టు మీద కూసోని నారు కట్టలు అందిస్తా. నోరుండాది గదా, జట్టు నడుస్తాది" అంది.

చీఫ్‌కు మరుసటి రోజు చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి నెట్టారు.

"అర మాత్రా? కోడిపిల్లకు వైద్యం చేస్తున్నావా? పుండు కుళ్లుతోంది, నువ్వు మందు తగ్గిస్తావా?"

"ఇప్పుడు ఆమె వేసుకునేది సున్నా సార్. సున్నాకన్నా సగం ఎక్కువ."

"ఎందుకు వేసుకోదు?"

చెప్పాను. కాంపౌండరు అక్కడే ఉన్నాడు, అయినా చెప్పాను. పంపు షెడ్డు సంగతి మాత్రం మింగేశాను. ఆయన పెరిగింది పట్నంలో. "ఇది మెడిసినా?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. నేను అవునన్నాను. "కృత్తికదాకా" అన్నారు. "ఒక్కరోజు కూడా ఎక్కువ ఇవ్వను. కాలు చూసుకుంటూ ప్రాణం పోగొట్టుకోలేం." అందులో ఆయన తప్పేమీ లేదు. సర్జన్ అలాగే మాట్లాడాలి.

ఆ తర్వాతి వారాలు నేను పడ్డ అవస్థ ఎవరికీ వద్దు. మొదటిసారి వచ్చినప్పుడు ఇటుకే. మునెమ్మ గొంతు మాత్రం మామూలుగా ఉంది. "కడుపు కుదురుగానే ఉండాదమ్మా" అంది. నీ కడుపు కుదురుగా ఉంటే నా ప్రాణం కుదురుగా లేదనుకున్నాను. రెండోసారి నారింజ. అయితే పుండు అంచున నల్లటి చర్మం ఇంకాస్త జరిగినట్టు తోచింది. చీఫ్ చచ్చిన కండ చెక్కేశారు. పట్టకారతో ఎముక దాకా తడిమి చూసి, "ఎముక ఇంకా బాగుంది. ఇంకా" అన్నారు. ఆ రెండో "ఇంకా" నన్ను వారమంతా తిన్నది. తిరుత్తణి కొండ కింద కావళ్లు దిగుతున్నాయి, వీధులన్నీ పసుపు బట్టలు. వార్డులో ఎండకు సొమ్మసిల్లినవాళ్లు, కాళ్లు బొబ్బలెక్కినవాళ్లు. ఒక్కొక్కరి కాలికీ కట్టు కడుతూ నేను వేరే కాలు గురించి ఆలోచించాను.

ఇక్కడ ఆగి ఆ పిల్లకు ఒక మాట. మందు పడలేదని రోగి అంటే, ఏ పూట పడలేదు అని అడుగు. అప్పుడు నువ్వు యాడుంటావు అని అడుగు. మగవాళ్లను అవతలికి పంపి అడుగు. మా కాలంలో ఓపీలో ఒక తెర వేయించడానికి నేను రెండేళ్లు కొట్లాడాను, చివరికి మా ఇంటి పాత దుప్పటి తెచ్చి కట్టాను. నీ ఆసుపత్రిలో తెర ఉంటుంది. దాని వెనక నోరు తెరిచి అడిగేవాళ్లు ఉన్నారా అన్నది నాకు తెలియదు. ఇంకో సంగతి, కడుపుకు పడే దారి ఒకటి కాదు. కొందరికి మెల్లగా పెంచితే చాలు, కొందరికి ఎలా ఇచ్చినా పడదు, వాళ్లకు వేరే మందు చూడాలి. దీన్ని మంత్రం అనుకోవద్దు.

కృత్తిక వెళ్లాక

కృత్తిక జనం వెళ్లిపోయిన మొదటి ఓపీ రోజు. మునెమ్మ, కన్నెమ్మ క్యూలో నిలబడ్డారు. పరీక్ష గొట్టం కాంపౌండరు చేతికి ఇవ్వలేదు, నేనే మంట మీద పట్టాను. నీలం. కాగుతోంది. నీలమే. ఆ తర్వాత మెల్లగా పచ్చ తిరిగి అక్కడే ఆగింది. ఇంకా కాచాను, ఇంకా మారుతుందేమోనని. పచ్చ దాటలేదు.

కట్టు విప్పబోయాను. చీఫ్ నన్ను పక్కకు జరగమని ఆయనే విప్పారు. వంగి చూశారు. నొక్కారు. చుట్టూ నొక్కారు. అంచు గులాబీ రంగులోకి తిరిగింది, అడుగు నిండా ఎర్రని కండ పైకి వచ్చింది. కొసన చిన్న గీత పెడితే రక్తం చిమ్మింది, కండకు ప్రాణం ఉంది. ఆయన ముఖం మామూలుగానే ఉంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. సంతోషమొస్తే ఆయన చెవులకు వచ్చేది.

"మద్రాసు అక్కర్లేదు" అన్నారు నాతో. తర్వాత మునెమ్మ వైపు తిరిగి, తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో, "చూడమ్మా, మా మాట విన్నావు. కాలు మిగిలింది" అన్నారు.

మునెమ్మ ఊరుకోలేదు. గొంతు అప్పటికి పూర్తిగా తిరిగొచ్చేసింది.

"నేను యాడ విన్యాను సార్? ఈయమ్మే మా మళ్లోకొచ్చి, నా మాదిరే కడుపు పట్టుకోని నిలబడిపాయ. అప్పుడు గదా మాత్ర దారికొచ్చింది!"

కన్నెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాంపౌండరు మందుల గదిలోకి దూరాడు. "కడుపు పట్టుకొనా? ఏమిటిది?" అన్నారు చీఫ్ నా వైపు చూసి. నాకు అప్పుడే అర్జంటు పని ఏదో అక్కడ గాజుగుడ్డలో కనిపించింది, దాన్ని మడుస్తూ కూర్చున్నాను. కొత్త కట్టు కట్టాను. ఇంకా నెల దాకా బరువు మోపొద్దు, మెల్లగా నడవాలి, ఎగుడుదిగుడు చోట అసలు వద్దు, చెప్పులు లేకుండా గడప దాటొద్దు అని ఒకటికి రెండుసార్లు చెప్పాను. అన్నిటికీ తల ఊపింది.

బయట వాళ్ల ఊరి బస్సు హారను కొట్టింది. అది పోతే మళ్లీ మధ్యాహ్నం దాకా లేదు. కన్నెమ్మ సంచి చంకన పెట్టుకొని పరుగు తీసింది. నేను వరండాలోకి వచ్చేసరికి మునెమ్మ కుచ్చిళ్లు ఎగదోపి ఆమెను దాటేసింది. కట్టు కట్టిన ఆ కాలు, మోకాలి కింద తీసేయాల్సిన ఆ కాలు, గులకరాళ్ల మీద టపటపా పడుతోంది.

"పరిగెత్తొద్దు మునెమ్మా, పరిగెత్తొద్దు" అని నా గొంతు చించుకొని అరిచాను.

వినలేదు.